పారేద్దామనుకున్న కోడ్

2011. అమెరికాలో ఓ తరగతి గది. పీటర్ రైన్‌హార్ట్ అనే కుర్రాడు వెనక నిలబడి, విద్యార్థుల లాప్‌టాప్ తెరల్ని లెక్కపెడుతున్నాడు. అతనితో సహా ఎంఐటీ చదువు మధ్యలో ఆపేసిన ముగ్గురు, డిజైన్ చదివిన ఇయాన్ స్టార్మ్ టేలర్ కలిసి క్లాస్‌మెట్రిక్ అనే సాధనం తయారుచేశారు. పాఠం అర్థం కాకపోతే విద్యార్థి ఒక మీట నొక్కాలి, మేష్టారికి గ్రాఫ్ కనబడుతుంది. ఆ రోజు తీరా చూస్తే ఎక్కువ తెరల మీద ఫేస్‌బుక్ ఉంది. మీట సంగతి ఎవరికీ పట్టలేదు.

మనిషి నొక్కమన్నది నొక్కడు, తనకు తోచింది చేస్తాడు. ఆ చేసేదాన్ని గమనించడమే తర్వాత వాళ్ల వ్యాపారమైంది. అయితే దారి సూటిగా లేదు. వెబ్‌సైట్లలో జనం ఏం చేస్తున్నారో విశ్లేషించే సాధనమొకటి కట్టి, ఏడాదికి పైగా అమ్మబోయారు. కొన్నవాళ్లు లేరు. పెట్టుబడిదారులిచ్చిన డబ్బులో చాలా భాగం హరించుకుపోయింది.

అమ్మబోయినచోటల్లా ఒకటే మాట: మా దగ్గర ఇప్పటికే గూగుల్ ఎనలిటిక్స్ ఉంది, మిక్స్‌ప్యానెల్ ఉంది, ఇంకోటి తగిలించే ఓపిక లేదు. నిజమే. అప్పట్లో ‘ఒకాయన చీర కొన్నాడు’ అన్న ఒక్క కబురు మూడు సేవలకు చెప్పాలంటే ప్రోగ్రామరు మూడు రకాలుగా రాయాలి. ఈ తంటా తప్పించడానికి కుర్రాళ్లు చిన్న కోడ్ రాసి ఇచ్చారు. కబురు ఒకసారి చెబితే చాలు, అదే అందరికీ పంచుతుంది. అసలు సరుకు మూలనపడింది గానీ ఈ కొసరును మాత్రం జనం వాడటం మొదలుపెట్టారు.

దీన్నే సరుకుగా పెడదామన్నాడు టేలర్. ఇంతకంటే చెత్త ఆలోచన ఉండదనుకున్నాడు రైన్‌హార్ట్. మొత్తం 580 లైన్లు, దాంతో కంపెనీయా? ఊరికే ఒక పేజీ పెట్టి చూద్దాం, ఎవరూ పట్టించుకోకపోతే పీడా పోతుంది అనుకున్నాడు. 2012 డిసెంబరులో పేజీ పెట్టారు. ఒక్క రోజులోనే వేలమంది ప్రోగ్రామర్ల కళ్లు దానిమీద పడ్డాయి. సెగ్మెంట్ అలా పుట్టింది.

గిరాకీని గుర్తుపెట్టుకోవడం వీళ్లతో మొదలైంది కాదు. 1994లో నెట్‌స్కేప్ ఇంజనీరు లూ మాంటుల్లీ కుకీని కనిపెట్టాడు. అంతకుముందు ప్రతి క్లిక్కూ వెబ్‌సైట్‌కి కొత్త మొహమే. అదే ఏడాది బ్రిటన్‌లో టెస్కో కిరాణా సంస్థ పెద్దల ముందు ఎడ్వినా డన్, క్లైవ్ హంబీ దంపతులు ఎవరేం కొన్నారో గుర్తుపెట్టుకునే క్లబ్‌కార్డ్ ప్రయోగ ఫలితాలు చదివారు. ముప్పై ఏళ్లలో నేను తెలుసుకున్న దానికన్నా మూడు నెలల్లో మీరే మా ఖాతాదార్ల గురించి ఎక్కువ తెలుసుకున్నారు, భయం వేస్తోందని ఛైర్మన్ మెక్‌లారిన్ అన్నారట. భయం వేసినా, 1995 ఫిబ్రవరిలో కార్డు దేశమంతటా వచ్చేసింది.

సెగ్మెంట్ పనిలో అసలు కిటుకు దగ్గరనుంచి చూడాలి. ఒకావిడ సోమవారం ఫోన్లో ఒక మంగళగిరి చీరను మూడుసార్లు చూసింది, లాగిన్ కాలేదు. దుకాణానికి ఆవిడ ఒక అంకె మాత్రమే, పేరు లేదు. గురువారం లాగిన్ అయింది. ఆ క్షణంలో ‘ఐడెంటిఫై’ అనే కబురు వెళ్లి, పేరుకీ అంకెకీ ముడి వేస్తుంది. సోమవారం నాటి మూడు చూపులూ ఆవిడ ఖాతాలో పడతాయి. సెగ్మెంట్ కబుర్లలో ‘ట్రాక్’ అంటే ఏం జరిగింది, ‘ఐడెంటిఫై’ అంటే ఎవరు. ఈ రెండో మాటే నాకు కాస్త గుబులు పుట్టిస్తుంది.

ఇదంతా నడిచేది అమెజాన్ క్లౌడ్ మీద. కబురు పుచ్చుకునే సేవల్లో ఒకటి మొరాయిస్తే, దాని వెనక మిగతావాటి కబుర్లు కూడా టోల్‌గేట్ దగ్గర లారీల్లా బారులు తీరేవి. అందుకని ఒక్కో సేవకు ఒక్కో దారి, ఒక్కో ప్రోగ్రాము వేశారు. అవి 140 దాటాయి. ముగ్గురు ఇంజనీర్లకు వాటి ప్రాణం నిలబెట్టడంతోనే సరిపోయేది. చివరికి అన్నిటినీ మళ్లీ ఒకే ప్రోగ్రాములో కలిపేశారు, ఆ సంగతిని 2018లో దాపరికం లేకుండా రాసుకున్నారు. విడగొట్టడమే ఫ్యాషనైన రోజుల్లో ఆమాత్రం ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

2020 అక్టోబరులో ట్విలియో సంస్థ సెగ్మెంట్‌ని 320 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. చెల్లింపు నోట్లలో కాదు, షేర్లలో.

అంతకుముందే, 2018 మే నెలలో యూరప్ చట్టం జీడీపీఆర్ అమల్లోకి వచ్చింది. నా వివరాలు చెరిపేయండి అని అడిగే హక్కు జనానికి గట్టిపడింది. మన దేశం కూడా 2023లో ఇలాంటి చట్టమే చేసింది. కబుర్లు పంచడానికి వేసిన గొట్టంలోంచే ఇప్పుడు చెరిపివేత కబురూ వెళ్లాలి. సెగ్మెంట్ ఆ ఏర్పాటు చేసింది గానీ, వివరాలు పుచ్చుకున్న ప్రతి సేవా ఆ మాట వినదు. వినని వాటి దగ్గరికి దుకాణదారే విడిగా వెళ్లి, ఆ చీర చూసినావిడ పేరు తీసేయమని చెప్పుకోవాలి.