మీనాకుమారి సొంత గొంతు

ఒక చిన్న ప్రశ్నతో ప్రారంభిస్తాను. మీనాకుమారి పాట అనగానే మీకు ఏ పాట జ్ఞాపకం వస్తుంది? ‘సాహిబ్ బీబీ ఔర్ గులామ్’లో భర్తను వెళ్ళవద్దని బ్రతిమాలే చిన్నకోడలి పాట అని కొందరంటారు. ‘పాకీజా’లోని ముజ్రా పాటలని ఎక్కువమంది అంటారు. నన్నడిగినా అదే చెబుతాను. అయితే మొదటిది గీతాదత్ పాడినది; రెండవవి లతా మంగేష్కర్ పాడినవి. మన చెవులలో మీనాకుమారి పేరున స్థిరపడి ఉన్న గొంతు మీనాకుమారిది కాదు. ఈ సంగతి తెలియనివారు లేరు. తెలిసినదే గనుక దానిని గురించి ఎవరూ ఆగి ఆలోచించరు.

ఆమె సొంత గొంతుతో, సొంత కవిత్వంతో వచ్చిన లాంగ్ ప్లే రికార్డు ఒకటి ఉన్నది. హెచ్.ఎం.వి. ముద్రతో 1971లో విడుదలైనది. సంగీతం ఖయ్యాం కూర్చినారు. పేరు ఇంగ్లీషులో ‘ఐ రైట్, ఐ రిసైట్’. నేను వ్రాస్తాను, నేను చదువుతాను అని అర్థం. పాడతాను అనలేదని గమనించండి. దానిని మొదటిసారి విన్నప్పుడు నాకు ఆ మాట పట్టలేదు. రెండవసారి విన్నప్పుడు గాని ఆ పేరులోని జాగ్రత్త బోధపడలేదు.

ఈ రికార్డు విలువ తెలియాలంటే కొంత వెనుకకు వెళ్ళాలి. మన దేశంలో టాకీ 1931లో పుట్టినది. పాట పాడలేనివారికి అప్పుడు తెరమీద చోటు తక్కువ. కెమెరా ముందు నిలబడినవారే పాడవలె. వాద్యగాళ్ళు చెట్టు చాటుననో తెర వెనుకనో కూర్చుండి వాయించవలె. 1935లో కలకత్తా న్యూ థియేటర్స్ వారి ‘ధూప్ ఛావోఁ’ చిత్రంతో నేపథ్యగానం వచ్చినది. వచ్చిన వెంటనే అది అందరి గొంతులనూ తీసివేయలేదు. సైగల్, నూర్జహాన్, సురయ్యా అక్కడ, నాగయ్య, కన్నాంబ, భానుమతి ఇక్కడ తమ పాట తామే పాడుకొన్నారు. అయితే 1950 నాటికి తూకం మారిపోయినది. ముఖం ఒకరిది, గొంతు ఒకరిది అనే ఏర్పాటు మామూలయినది.

మీనాకుమారి సరిగా ఈ మలుపు దగ్గర నిలిచిన మనిషి. 1933 ఆగస్టు 1న బొంబాయిలో పుట్టినది. అసలు పేరు మహజబీన్ బానో. తండ్రి అలీబక్ష్ పార్సీ నాటకాలలో హార్మోనియం వాయించినవాడు. తల్లి రంగస్థల నటి, నర్తకి. ఇంట్లో హార్మోనియం ఉన్నది గాని, వంట చెరకున్న రోజు వంటకం లేదు, వంటకమున్న రోజు చెరకు లేదన్నట్టుండే సంసారం. ఆరేండ్లయినా నిండకుండానే, 1939లో విజయ్ భట్ తీసిన ‘లెదర్ ఫేస్’లో ఆ పిల్లను కెమెరా ముందు నిలబెట్టినారు. బడికి పోయి క్రమంగా చదివినది చాలా తక్కువ. ఉర్దూ మీద సంపాదించిన అధికారం ఆమె స్వయంగా గడించుకొన్నదే.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్పాలి. చిన్ననాడు మీనా పాడేది. 1947లో ‘పియా ఘర్ ఆజా’లోను, 1948లో ‘బిఛ్‌డే బాలం’లోను బులో సి. రాణీ సంగీతంలో ఆమె పాడిన పాటలు రికార్డులుగా వచ్చినవి. పదునాలుగేండ్ల పిల్ల గొంతు, పలచనిది, తడబడనిది. 1952లో ‘బైజూ బావరా’ వచ్చినది. దర్శకుడు మళ్ళీ ఆ విజయ్ భట్టే. నౌషాద్ సంగీతంలో కథానాయిక పాటలు లతా పాడినారు. మీనాకుమారి పేరు దేశమంతా తెలిసినది. అంతటితో ఆమె పాట తెరమీదనుండి తప్పుకొన్నది. ఎవరో అన్యాయం చేసినారని నేననడం లేదు. లతా అంతటి గాయని ఎదురుగా ఉండగా ఏ సంగీతదర్శకుడైనా చేసేది అదే. అయినా పోయినది పోయినదే.

మా రేడియోవారికి సంబంధించిన ముచ్చట ఒకటి ఇక్కడ తగులుతుంది. 1949లో ‘మహల్’ చిత్రం వచ్చినప్పుడు అందులోని ప్రసిద్ధమైన పాట రికార్డు మీద గాయని పేరు లేదు. పాత్ర పేరు ‘కామిని’ అని అచ్చువేసినారు. ఆ పాడినది ఎవరని శ్రోతలు రేడియోకు ఉత్తరాలు వ్రాసినారు. అది లతా గొంతని అప్పుడు గాని లోకానికి తెలియలేదు. గాయని పేరు మరుగునపడడంతో మొదలైన కాలం, గాయనికి పేరు వచ్చి నటి గొంతు మరుగునపడడంతో ముగిసినది. ‘మహల్’ దర్శకుడు కమాల్ అమ్రోహీ. 1952లో మీనాకుమారిని పెండ్లాడినది ఆయనే.

మన తెలుగువారికి ఇంకా దగ్గరి ఉదాహరణ ఉన్నది. విజయా వారి ‘మిస్సమ్మ’ 1955లో వచ్చినది. దానిని హిందీలో ‘మిస్ మేరీ’ పేరుతో 1957లో ఏ.వి.ఎం. వారు తీసినారు. రెండింటికీ దర్శకులు ఎల్.వి. ప్రసాద్ గారే. మనకు సావిత్రి వేసిన పాత్ర అక్కడ మీనాకుమారి వేసినది. ఇంతకూ ఆ మేరీ ఎవరు? జమీందారుగారి అమ్మాయికి సంగీతం నేర్పే పంతులమ్మ! సావిత్రికి పి. లీల పాడినారు, మీనాకుమారికి లతా పాడినారు. ఆ పాత్రకు మొదట నిర్ణయమై కొంత చిత్రీకరణ కూడా జరిపినది భానుమతి గారితోనన్న కథ మీరు వినే ఉంటారు. ఆమే కొనసాగి ఉంటే పాఠం చెప్పే నోటినుండే పాటా వచ్చి ఉండేదని నాకు అప్పుడప్పుడు తోస్తుంది. దానివలన చిత్రం మెరుగయ్యేదా అంటే, లీల గారి పాట విన్న చెవితో ఆ మాట అనలేను.

ఇక రికార్డు దగ్గరకు వద్దాము. ‘నాజ్’ అనే కలంపేరుతో ఆమె చాలా ఏండ్లుగా గజళ్ళు, నజ్ములు వ్రాసుకొంటున్నది. 1964లో భర్తనుండి వేరుపడినది. కాలేయం చెడి 1968లో లండనులో చికిత్స పొందినది. ఆ తరువాతిది ఈ ధ్వనిముద్రణ. ఉర్దూ ముషాయిరాలలో కవి తన గజలును రాగచ్ఛాయతో వినిపించే పద్ధతిని తరన్నుం అంటారు. అది పూర్తిగా గానం కాదు, ఉత్త పఠనమూ కాదు. మన నాటకాలలో నటుడు పద్యాన్ని రాగంతో అందుకొన్నప్పుడు కూడా ‘పద్యం చదివినాడు’ అనే మన పెద్దలు చెప్పుకొన్నారు. ఆ మాటలోని ‘చదవడం’ ఎటువంటిదో ఈ రికార్డు పేరులోని ‘చదవడం’ కూడా అటువంటిదే.

మైకు ముందు కూర్చుండి బ్రతికే ఉద్యోగం నాది. గొంతులను కొంత వృత్తిచెవితో వింటాను. పై స్థాయి దగ్గర ఆమె గొంతు నిలవదు. ఊపిరి వినబడుతుంది. ఒక్కొక్క చోట స్వరం చేరవలసిన చోటికి కాస్త కిందనే ఆగిపోతుంది. కచేరీ లెక్కన మార్కులు వేస్తే మంచి మార్కులు రావు. ఒకటి రెండు బాణీలు కూడా పలచగానే ఉన్నవని నా అభిప్రాయం. కాని పదాంతాలు వినండి. తెరమీద ఆమె ప్రతి మాట చివరనూ ఒక చిన్న వణుకు వదలిపెట్టేది. ప్రేక్షకులు ఆ వణుకు కోసమే డబ్బిచ్చినారు. ఈ రికార్డులో ఆ వణుకు దాదాపు లేదు. ఏకాంతమనే మాట గజలులో మళ్ళీ మళ్ళీ అంత్యప్రాసగా వస్తూ ఉంటుంది. వేరొక నటి అయితే వచ్చిన ప్రతిసారీ దానిని ఏడిపించేది. ఈమె దినపత్రికలోని తేదీ చదివినట్టు చదివి ముందుకు పోతుంది. విషాదరాణి అని బిరుదిచ్చి ఈ రికార్డును కన్నీటి సరుకుగా అమ్మినవారు సరిగా విన్నారా అని నాకు సందేహం. ముప్పదేండ్లకు పైగా నటించిన మనిషి నటించకుండా ఉన్న చోటు ఇది.

ఖయ్యాం గారి ఘనత కూడా ఇక్కడ చెప్పవలె. ఆయన వాద్యాలు వెనుకనే ఉండిపోయినవి. బలహీనమైన గొంతును కప్పిపుచ్చడానికి వయొలిన్లు గుమ్మరించడం సినిమాలలో మామూలు. ఆయన ఆ పని చేయలేదు. ఈ నిగ్రహమే పదేండ్ల తరువాత, 1981లో, ‘ఉమ్రావ్ జాన్’లో ఆయనకు ఎంత కీర్తి తెచ్చినదో మీకు తెలుసు.

రికార్డు వెలువడిన మరుసటి ఏట, 1972 ఫిబ్రవరి 4న, ఏండ్ల తరబడి సాగిన ‘పాకీజా’ విడుదలయినది. మార్చి 31న ఆమె మరణించినది. వయస్సు ముప్పదెనిమిది. జనం ‘పాకీజా’కు విరగబడి పోయినారు. అందులో ఆమె పాటే వృత్తిగా బ్రతికే స్త్రీ. గొంతు మాత్రం లతాది. పాటలకు సంగీతం కూర్చిన గులాం మహమ్మద్ ఆ విజయం చూడకుండానే 1968లో పోయినారు. ఆమె వ్రాతప్రతులు కవి గుల్జార్ గారి చేతికి వచ్చినవి. వాటినుండి ఏర్చికూర్చిన ‘తన్హా చాంద్’ అనే సంపుటి ఆమె మరణానంతరం వెలువడినది.

సినిమా పాట ప్రసారం చేసేటప్పుడు మేము చిత్రం పేరు, రచయిత పేరు, సంగీతదర్శకుని పేరు, గాయని పేరు చెబుతాము. నటి పేరు చెప్పే ఆచారం లేదు. ఆ విధంగా మీనాకుమారి కనిపించే పాటలు ఎన్ని వందలసార్లు వినిపించినామో, ఆమె పేరు ఒక్కసారీ పలుకకుండానే. ఒకనాటి రాత్రి కార్యక్రమానికి ఈ లాంగ్ ప్లే తీసి, ముల్లు పెట్టేముందు నా ప్రకటన నేనే వ్రాసుకొన్నాను. రచన మీనాకుమారి, గళం మీనాకుమారి, సంగీతం ఖయ్యాం. ఒకే పేరు రెండుసార్లు వచ్చినదేమిటి, పొరపాటేమోనని, ఎర్రదీపం వెలిగేముందు నా సహోద్యోగి అద్దం అవతలినుండి సైగ చేసి అడిగినాడు. కాదని తల ఊపినాను.