పెళ్ళయిన ద్రాక్షతీగలు, మూడు చక్రాల బండి

మా ఊరి నుంచి హైస్కూలుకి నాలుగు కిలోమీటర్లు. దారంతా నూజివీడు మామిడితోటలు. పూత కాలంలో ఆ వాసన ముక్కులోకి కాదు, నేరుగా తలలోకి ఎక్కేది. ఎనిమిదో తరగతి సగం దాకా ఆ దారి నాది. అన్నయ్య వదిలేసిన పాత సైకిలు మీద, బార్ కింద నుంచి కాలు దోపి తొక్కడంతో మొదలుపెట్టి, సీటెక్కే దాకా ఎదిగాను. పెద్దమనిషినయిన నెలలోనే ఆ సైకిలు పిన్ని కొడుకు ఇంటికి వెళ్ళిపోయింది. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. "ఇంక ఆటోలో వెళ్దువుగాని" అంది అమ్మ, అంతే. నా చదువు మానిపించలేదు. పీహెచ్‌డీ దాకా చదివించారు. అందుకని ఫిర్యాదు చెయ్యడానికి కూడా నోరు రాదు. కానీ ఆటోలో, ఎనిమిదిమంది మధ్య ఇరుక్కుని కూర్చుంటే తోట కనిపించదు.

పరిశోధన రోజుల్లో స్త్రీల యాత్రారచనల గురించి చదువుతూ మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ దగ్గర ఆగాను. స్త్రీల హక్కుల గురించి రాసిన మనిషిగానే మనకు ఆమె తెలుసు. ఏడాది నిండిన కూతుర్నీ, పనిమనిషినీ వెంటబెట్టుకుని 1795లో స్కాండినేవియా తిరిగి, మరుసటి ఏడు ఆ ఉత్తరాలను పుస్తకంగా వేసిన యాత్రికురాలు కూడా ఆమే. 1884లో అమెరికాలో ఆమె జీవితచరిత్ర ఒకటి వచ్చింది. అపకీర్తి పాలైన వుల్‌స్టన్‌క్రాఫ్ట్‌ని గౌరవంగా చదివిన తొలి జీవితచరిత్రల్లో అది ఒకటి. రాసింది ఎలిజబెత్ రాబిన్స్, ఫిలడెల్ఫియా అమ్మాయి, కాన్వెంటులో చదువుకున్నది. ఆ పుస్తకం వచ్చిన ఏడాదే చిత్రకారుడు జోసెఫ్ పెనెల్‌ని పెళ్ళాడి యూరప్ వెళ్ళిపోయింది. తర్వాత ఏం రాసిందా అని వెతికితే నేనూహించనిది దొరికింది. ఆ శరత్కాలంలోనే ఆ ఇద్దరూ ఫ్లోరెన్స్ నుంచి రోమ్ దాకా, ఇద్దరు కలిసి తొక్కే మూడు చక్రాల బండి మీద ప్రయాణం చేశారు. బన్యన్ 'పిల్‌గ్రిమ్స్ ప్రోగ్రెస్' పేరును సరదాగా మార్చి 'టూ పిల్‌గ్రిమ్స్ ప్రోగ్రెస్' అని 1886లో పుస్తకం వేశారు. మాటలు ఆమెవి, బొమ్మలు అతనివి.

మూడు చక్రాలెందుకు? అప్పటి రెండు చక్రాల సైకిలు మనం ఎరిగినది కాదు. ముందు చక్రం మనిషెత్తు, వెనకది చిన్నది. నేలదాకా జీరాడే గౌనుతో దాని మీదికి ఎక్కడం జరిగే పని కాదు. అందుకే స్త్రీలకు మూడు చక్రాల బండి వచ్చింది. 1881లో విక్టోరియా రాణి కూడా అలాంటివి తెప్పించుకోవడంతో దానికి మర్యాద అబ్బింది. రెండు సమానమైన చక్రాలతో, గొలుసుతో నడిచే 'రోవర్' సైకిలు 1885లోనూ, డన్‌లప్ గాలి టైరు 1888లోనూ వచ్చాయి. అంటే పెనెల్ దంపతులు ఇటలీ కొండదారులు తొక్కింది గాలి లేని గట్టి రబ్బరు చక్రాల మీద. సైకిలు స్త్రీల విముక్తికి చేసినంత మేలు ప్రపంచంలో మరేదీ చెయ్యలేదని సూసన్ బి. ఆంథొనీ ఒక ఇంటర్వ్యూలో అన్నది 1896లో. ఎలిజబెత్ పన్నెండేళ్ళ ముందే రోడ్డు మీద ఉంది.

వాళ్ళ దారి మ్యాపులో వేలు పెట్టి చూడదగ్గది. ఫ్లోరెన్స్ నుంచి ఆర్నో నది లోయ వెంట, అక్కడి నుంచి సియెనా, ద్రాక్షకు పేరుపడ్డ మొంతెపుల్చానో, క్యానా లోయ, కొర్తోనా, పెరూజా, టైబర్ నది దాటి అసీసీ, తెర్ని, చివరకు రోమ్. కొంత దూరం రైలెక్కారు కూడా. ఆ సంగతి దాచుకోలేదు.

ఆ లోయల్లో ద్రాక్షతోట ఇవాళ్టి ఫొటోల్లోలా తీగలు కట్టిన వరసలుగా ఉండేది కాదు. పొలం మధ్యన మేపుల్ చెట్లు నాటి, వాటి మీదికి ద్రాక్షతీగను పాకించేవారు. కింద గోధుమ, గట్ల మీద ఆలివ్ చెట్లు. ఇలా చెట్టు నల్లుకున్న తీగని అక్కడ 'పెళ్ళయిన తీగ' అంటారు. ఆ మాట రోమన్ల కాలం నాటిది. కతుల్లుస్ తన పెళ్ళిపాటలో, బోడినేల మీద ఒంటరిగా పడి ఉన్న తీగని ఎవరూ పట్టించుకోరని, చెట్టుతో పెళ్ళయితేనే దానికి విలువని వాదించాడు. ఇది చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వెయ్యలేదు, నవ్వొచ్చింది. మన కాళిదాసు శకుంతల తోటలో కూడా మల్లెతీగ మామిడిచెట్టును స్వయంవరంలో వరించిన వధువే కదా! ఇంకా ఒక మెట్టు నయం, మన తీగ తనే ఎంచుకుంది. రెండు దేశాల కవులూ తోటలోకి వెళ్ళి చూసింది మాత్రం ఒక్కటే: ఆధారం లేని ఆడదాన్ని.

మరి ఎలిజబెత్? పెళ్ళయిన కొత్తలో భర్తతో ఒకే బండి తొక్కుతోంది. ఆమెను పెళ్ళయిన తీగ అనాలా? పుస్తకాల మీద ఇద్దరి పేర్లూ ఉంటాయి, 'జోసెఫ్, ఎలిజబెత్ పెనెల్' అని, అతని పేరే ముందు. రాసింది ఆమె అయినా ఆమెను చాలాకాలం 'చిత్రకారుడు పెనెల్ భార్య' గానే గుర్తుపెట్టుకున్నారు. ఆమె మాత్రం ఆగలేదు. 1894లో 'లేడీస్ ఇన్ ద ఫీల్డ్' అనే సంకలనంలో స్త్రీల సైకిలు ప్రయాణం గురించిన వ్యాసం ఆమెదే. 1896లో తిండి మీద ఇష్టాన్ని సిగ్గుపడకుండా చెప్పుకుంటూ, 'తిండిపోతు స్త్రీ డైరీ' అనే ఉపశీర్షికతో పుస్తకం వేసింది. 1898లో 'ఓవర్ ద ఆల్ప్స్ ఆన్ ఎ బైసికిల్' వచ్చింది. అప్పటికి ఎవరి సైకిలు వాళ్ళదే. ఒక బండి నుంచి రెండు బళ్ళకు రావడం కూడా ఒక కథే.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే ఇది మనకిష్టమైన కథ అవుతుంది. ధైర్యవంతురాలైన ఒక పూర్వికురాలు దొరికిందని మురిసిపోవచ్చు. కానీ ఆ దారి పక్కన పొలాల్లో ఎవరున్నారు?

టస్కనీ, ఉంబ్రియా ప్రాంతాల్లో అప్పుడు నడిచేది 'మెజ్జద్రియా'. మన పాలికాపు పద్ధతికి దగ్గర. భూమి దొరది, చాకిరీ రైతు కుటుంబానిది, పంట చెరిసగం. ఒప్పందం కుటుంబ పెద్ద అయిన మగవాడితో. చాలాచోట్ల ఆ ఇంట్లో పెళ్ళి జరగాలంటే దొర అనుమతి కావాలి. ఒక మనిషి తగ్గినా పెరిగినా పొలంలో చేతుల లెక్క మారుతుంది మరి. ఆడమనిషి పనిని మగవాడి పనిలో ఒక వంతుగానే కట్టేవారు. కోడిగుడ్లూ, దారం వడకడం, పిల్లలూ సరేసరి.

ఆర్నో లోయలో ఫ్లోరెన్స్ దాటగానే వచ్చే సీన్యా ప్రాంతంలో ఇంకో పని ఉండేది. గోధుమగడ్డిని జడలా అల్లి టోపీల వ్యాపారులకు అమ్మేవారు. అల్లేది ఆడవాళ్ళే. నడుస్తూ, కబుర్లు చెప్పుకుంటూ, గుమ్మంలో కూర్చుని అల్లేవారు. దారిన పోయే యాత్రికుడికి అదొక అందమైన దృశ్యం, చిత్రకారుడికి బొమ్మ. ఆసియా నుంచి చౌకగా అల్లికలు వచ్చి కూలిరేట్లు పడిపోయాక, 1896 మే నెలలో ఆ 'అందమైన దృశ్యం' పని ఆపేసి రోడ్డెక్కింది. వేలాదిమంది స్త్రీలు సమ్మె చేశారు. సూసన్ ఆంథొనీ సైకిలు గురించి ఆ మాట అన్నది సరిగ్గా ఆ ఏడాదే. రెండు వార్తలూ ఒకే సంవత్సరానివని గమనించినప్పుడు నా థీసిస్‌లో ఒక అధ్యాయం తిరగరాయాల్సి వచ్చింది. రోడ్డెక్కడమంటే ఒకరికి విహారం, ఇంకొకరికి సమ్మె.

ఎలిజబెత్‌ని బోనెక్కించడం నా ఉద్దేశం కాదు. చూసే అవకాశం దొరికిన స్త్రీ అందర్నీ సమానంగా చూస్తుందని మనం అనుకోకూడదన్నదే నా మాట. మనకూ ఉంది ఈ చరిత్ర. ఎలిజబెత్ పుస్తకానికి పదేళ్ళ ముందే, 1876లో, పోతం జానకమ్మ ఇంగ్లండు యాత్ర మద్రాసులో పుస్తకమైంది. తెలుగులో రాసి తనే ఇంగ్లీషు చేసుకుంది. తెల్లవాళ్ళని చూసి రాసిన తెలుగు స్త్రీ! ఆమెకు ఓడ ఎక్కే వీలు ఎలా వచ్చిందో, ఆ కాలంలో రాని కోట్లమంది ఎవరో కూడా ఆ పుస్తకం పక్కనే పెట్టి చదవాలి.

పొలంలోంచే రోడ్డెక్కిన మనిషి కథ కూడా ఒకటుంది. అల్ఫొన్సీనా స్త్రాదా 1891లో ఎమీలియా ప్రాంతంలో పేద కూలీల ఇంట పుట్టింది. పెళ్ళికి భర్త ఇచ్చిన కానుక రేసు సైకిలని చెబుతారు. 1924లో 'జీరో ది ఇతాలియా' పందెంలో, 12 అంచెల్లో 3,600 కిలోమీటర్ల పైచిలుకు దూరానికి, మగవాళ్ళతో కలిసి బరిలోకి దిగింది. లాక్విలా నుంచి పెరూజాకు వెళ్ళే అంచెలో హ్యాండిల్ విరిగితే చీపురు కర్ర కట్టుకుని తొక్కింది. గడువు దాటాక చేరిందని లెక్కలోంచి తీసేశారు. అయినా మిలాన్ దాకా తొక్కింది. నలభై ఏళ్ళ క్రితం పెనెల్ దంపతులు చేరిన ఆ పెరూజాకే చీపురు కర్రతో చేరిన ఈ మనిషిని తల్చుకుంటే నాకు రెండు పుస్తకాలు ఎదురెదురుగా తెరిచి పెట్టినట్టుంటుంది.

మెజ్జద్రియా కొత్త ఒప్పందాలను ఇటలీ 1964లో చట్టంతో ఆపింది. అంతకు ముందునుంచే రైతులు పట్నాలకు పోయారు. ఊళ్ళు ఖాళీ అయ్యాయి. పెళ్ళయిన తీగలు చాలావరకు పోయి, యంత్రాలకు వీలైన వరసలు వచ్చాయి. మనుషులు లేక తారు పడని తెల్లమట్టి దారులు మాత్రం మిగిలాయి. 1997 నుంచి పాత సైకిళ్ళ మీద ఆ దారుల్లో 'లెరోయికా' విహారం జరుగుతోంది. 2007లో మొదలై ఇప్పుడు సియెనాలో ముగిసే 'స్త్రాదే బియాంకే' పందెంలో 2015 నుంచి స్త్రీలకూ పోటీ ఉంది. పేదరికం వదిలేసి వెళ్ళిన రోడ్లే ఇవాళ అందాల రోడ్లు.

ఇంటికి దగ్గర్లో, 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమం స్త్రీలకు చదువుతోబాటు సైకిలు కూడా నేర్పింది. లక్షమందికి పైగా నేర్చుకున్నారని పి. సాయినాథ్ రాశారు. క్వారీ కూలీలు, నర్సులు, అంగన్‌వాడీ టీచర్లు. దాదాపు అవే రోజుల్లో మన నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా పాఠం సారా వ్యతిరేక ఉద్యమానికి దారి తీసింది. అక్షరం, చక్రం, సారా దుకాణం - మూడింటినీ కలిపి రాసిన చరిత్ర ఇంకా మనకు కావాలి.

మొన్న వేసవిలో ఊరెళ్ళినప్పుడు పక్కింటి పిల్ల సైకిలు అడిగి తీసుకుని ఆ పాత హైస్కూలు దారిన వెళ్ళాను. మోకాళ్ళు మొరాయించాయి. తోటలో కాయకోత నడుస్తోంది. మగవాళ్ళు చిక్కాలతో కోస్తుంటే, ఆడవాళ్ళు కింద గడ్డి పరిచి కాయలు ఏరి బుట్టలకెత్తుతున్నారు. మా అమ్మమ్మ చేసిన పనే. ఒకామె తలెత్తి, "ఎక్కడికమ్మా ఈ ఎండలో?" అంది.

"ఎక్కడికీ కాదు పిన్నీ, ఊరికే."

"ఊరికేనా!" అని పక్కామెకేసి చూసి నవ్వింది. అందులో ఎగతాళి లేదు. "మా కోడలుకీ వచ్చు తొక్కటం. ఊరికే తొక్కే తీరికే లేదు" అంది.

ఇరవై ఏళ్ళుగా నా సైకిలు ఎవరు తీసుకున్నారన్నదే నా ప్రశ్న. ఆమె ప్రశ్న అది కాదు. సైకిలు దిగి, కాసేపు వాళ్ళతో గడ్డి మీద కూర్చున్నాను. రెండు రసాలు చేతిలో పెట్టి, డబ్బులు వద్దంది. నేను కూర్చున్నంతసేపూ ఆమె చేతులు మాత్రం ఆగలేదు.