బస్తరు గుండెలో ప్రవీరుడు

2000 జూలై 2వ తేదీన ఎస్తోనియా రాజధాని తాలిన్‌లో మోటారుసైకిల్ పందెమున అసువులు బాసిన ఉత్తర ఐర్లాండు వీరుడు జోయీ డన్‌లప్ మాన్ ద్వీపపు పందెములలో 26 విజయములు గడించినవాడు. అయినను ఆయన అభిమానులు ఆ విజయములను ఎంత గర్వముగా స్మరింతురో, రుమేనియా అనాథబాలుర కొరకు అన్నవస్త్రములు వ్యానులో నింపుకొని తానే నడిపికొనిపోయిన ఆయన దయార్ద్రతను అంత ఆర్తితో స్మరింతురు. విజేతను లోకము మెచ్చును. తనవాడైన వానిని మాత్రమే మరణానంతరమును విడువదు. ఈ సత్యమునకు మన పొరుగుననే, బస్తరు అరణ్యసీమలో, మహత్తరమైన నిదర్శనము కలదు. ఆ నిదర్శనమే ప్రవీరచంద్ర భంజదేవు.

1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఇంద్రావతీ తీరమునకు వచ్చి రాజ్యము స్థాపించెననియు, వెనుక నడచివచ్చుచుండిన దేవి అందెల సవ్వడి ఇసుకలో అణగిపోగా ఆయన వెనుదిరిగి చూచెననియు, అంతట ఆ తల్లి శంఖినీ డంకినీ సంగమముననే దంతేశ్వరియై నిలిచెననియు ఐతిహ్యము. 1703 నాటి దంతేవాడ శాసనమున దిక్పాలదేవుడు తన కాకతీయాన్వయమును చాటుకొనెను.

ఆ వంశమున 1929లో జన్మించిన ప్రవీరుడు, తల్లి మహారాణి ప్రఫుల్లకుమారీదేవి 1936లో లండనులో మరణింపగా, బాల్యముననే సింహాసనమెక్కెను. 1948లో సంస్థానము భారతదేశమున విలీనమయ్యెను. 1957లో ఆయన శాసనసభ్యుడయ్యెను. అధికారము పోయినను అడవిబిడ్డలకు అడవిపై గల హక్కు కొరకు, కరవునాళ్ళలో ధాన్యపు లెవీకి వ్యతిరేకముగా ఆయన గొంతెత్తెను. 1961 ఫిబ్రవరిలో ప్రభుత్వము ఆయనను నిర్బంధించి, రాజుగా గుర్తింపును రద్దుచేసి, తమ్ముడు విజయచంద్రునకు ఆ స్థానమొసగెను. మార్చి 31న లోహండిగూడలో గుమిగూడిన ఆదివాసులపై పోలీసులు కాల్పులు జరిపిరి.

గుర్తింపును రద్దుచేయుట దొరతనమునకు సులభమైనను, ఆదివాసులకు రాజనగా ఎవ్వరో ఎరుగగోరువారు జగదల్‌పూరు దసరాను చూడవలెను. గ్రామస్థులే అడవినుండి కలప తెచ్చి చెక్కిన రథమును, అడవితీగెల నారతో పేనిన మోకులతో వేలమంది లాగుదురు. విజయదశమి రాత్రి ఆ ఎనిమిది చక్రముల రథమును ఆదివాసులు అపహరించి కుమ్డాకోటు వనమునకు ఈడ్చుకొనిపోవుదురు. మరునాడు రాజు స్వయముగా అచటికేగి, వారి నడుమ కూర్చుండి కొత్తబియ్యపు భోజనము చేసిన పిమ్మటగాని రథము మరలి నగరు చేరదు. ప్రజల అడవికి పోయి, ప్రజల పంక్తిని భుజించి, ప్రజల చేతినుండి ఏటేట తిరిగి పొందవలసిన రాచరికమది. అట్టి పదవిని ఢిల్లీ ఉత్తరువు ఇయ్యనూలేదు, తీయనూజాలదు.

1966 మార్చి 25న జగదల్‌పూరు రాజప్రాసాదమునందే పోలీసు తుపాకులకు ప్రవీరుడు, ఆయనను పరివేష్టించియున్న పలువురు ఆదివాసులు బలియైరి. అప్పటికాయన వయస్సు ముప్పదియారేండ్లు. ఆయన మరణమును ప్రజలు ఎంతగా అంగీకరింపజాలకపోయిరనగా, కొన్నేండ్లకు బిహారీదాసను సాధువొకడు తానే ప్రవీరుడనని చెప్పుకొనగా వేలాదిమంది విశ్వసించి ఆయన వెంట నడచిరి. నేటికిని బస్తరు ఇండ్లలో దంతేశ్వరి పటము ప్రక్కన ప్రవీరుని చిత్రము పూజలందుకొనుచున్నది. ఆయనయందు లోపములు లేవని ఎవ్వరును అనరు. ఆయన రాజకీయములను గూర్చి వాదములు పెక్కు. కాని ఆకలి వేళ తమ పక్షమున నిలిచి, తమ నడుమనే నేలకొరిగిన వానిని బస్తరు ప్రజలు ఆ వాదములకు అతీతునిగా నిలుపుకొనిరి.

ఓరుగల్లు కోట కూలిన 1323తోడనే కాకతీయుల కథ ముగిసినదని చదువుకొనిన తెలుగువారము మనము. ఆ కథను జగదల్‌పూరు దాక, 1966 దాక చదువుట మనకు విధి. ఏలయన, ఏలినవారికంటె తమవారైనవారినే ప్రజలు చిరకాలము స్మరింతురను పాఠము ఆ చివరి పుటలయందే ఉన్నది.