తోలుకు రంగు, చేతికి మైల: ఒక హ్యాండ్‌బ్యాగు వెనక చరిత్ర

నాలుగేళ్లు వాడిన తోలు హ్యాండ్‌బ్యాగు ఎక్కడెక్కడ వెలిసిపోతుందో చూడండి. చెయ్యి పట్టుకునే పట్టీ దగ్గర, కింది నాలుగు మూలల్లో, జిప్పు అంచున, నడిచేటప్పుడు నడుముకు రాసుకునే వైపున. మనిషి ఒళ్లు తగిలిన చోటల్లా రంగు పోతుంది. చెమట, జిడ్డు, ఎండ, రాపిడి కలిసి పైరంగును తినేస్తాయి. లోపలి తోలు బయటపడుతుంది. తోలు బయటపడగానే సంచి పాతదైపోయిందని మనకు అనిపిస్తుంది. అది తోలుసంచి అని తెలిసే కొన్నాం, కానీ తోలు కనబడితే మాత్రం చూడలేం.

మా కాలేజీలో నాతో పనిచేసే ఒక అధ్యాపకురాలు ఒక ఆదివారం ఇంట్లో కూర్చొని తన సంచికి తనే రంగు వేసుకుంది. సోమవారం స్టాఫ్ రూంలో అందరికీ చూపించింది. "ఇంట్లోనే చేశారా? భలే ఉందే!" అన్నారు అందరూ. నేను కూడా బాగుందనే అన్నాను. నిజంగానే బాగుంది. కానీ ఆ రోజంతా మా నాయన చేతులు గుర్తుకొస్తూనే ఉన్నాయి. బస్టాండు పక్కన చెట్టు కింద కూర్చొని చెప్పులకీ, సంచులకీ రంగు వేసిన మనిషి ఆయన. వేళ్ల సందుల్లో నలుపు చివరిదాకా పోలేదు. నన్ను హైస్కూల్లో చేర్పించడానికి వచ్చిన రోజు ఆ చేతులు వెనక్కి పెట్టుకొని నిలబడ్డడు. "గట్లెందుకు నిలబడ్డవే?" అని తర్వాత అడిగితే, "సారు చూస్తె నీకే నామోషి బిడ్డా" అన్నడు.

స్టాఫ్ రూంలో ఆమెదీ, బస్టాండులో మా నాయనదీ ఒకటే పని. ఒకరి చేతిలో అది నేర్పు అయింది, ఇంకొకరి చేతిలో కులం అయింది. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందన్నదే ఈ వ్యాసం అడిగే ప్రశ్న.

పని ఏమిటి?

ముందు పని గురించే మాట్లాడుకుందాం. పని తెలియకుండా పనివాళ్ల చరిత్ర రాయడం మన పండితులకు అలవాటు, మనకు వద్దు.

తోలుకు రంగు రెండు రకాలుగా పడుతుంది. ఒకటి తోలు లోపలికి ఇంకేది. రెండోది పైన పొరలాగా కూర్చునేది. తెలుసుకోవడం తేలిక. కనపడని చోట ఒక నీటిచుక్క వేసి చూడాలి. చుక్క ఇంకి అక్కడ రంగు ముదిరితే అది ఇంకే రకం తోలు. చుక్క పైనే నిలబడితే పూత ఉన్న తోలు. ఇప్పుడు బజారులో దొరికే సంచులు ఎక్కువగా ఈ రెండో రకమే. వీటికి ముందు తడిబట్టతో మురికి తీయాలి. ఆరిన తర్వాత స్పిరిట్‌లో ముంచిన దూదితో వెలిసిన చోట మెల్లగా రుద్ది పాత మెరుగునూ జిడ్డునూ పోగొట్టాలి. అప్పుడుగాని కొత్తరంగు పట్టదు. రంగును సంచి అడుగున ఒక మూల పెట్టి, ఆరాక చూడాలి, ఎందుకంటే తడిమీద రంగు వేరు, ఆరిన రంగు వేరు. తర్వాత స్పాంజి ముక్కతో అద్దాలి. ఒక్కసారే మందంగా పులిమితే మడత దగ్గర పగిలిపోతుంది. పలచగా మూడు నాలుగు సార్లు, ప్రతిసారీ ఆరనిచ్చి వేయాలి. చివర రక్షణపూత. బూటు పాలిషు రాస్తే పని అయిపోయినట్టు కనబడుతుంది గాని చీరకీ, చొక్కాకీ అంటుకుంటుంది.

మా నాయన ఈ మాటలేవీ చదవలేదు. గోరుతో గీకి చూసేవాడు, నాలుక తడి వేలికి అద్ది తోలుమీద పెట్టి చూసేవాడు. చేసింది అదే పరీక్ష.

లంద దగ్గర నేర్చిన రసాయనం

తోలుకు రంగు వేయడం డబ్బాతో మొదలు కాలేదు. లందతో మొదలైంది. లంద అంటే మాదిగవాడలో తోళ్లు నానవేసే తొట్టి. పచ్చితోలును సున్నంలో వేసి వెంట్రుక వదిలించి, గీకి, కడిగి, తంగేడు చెక్క నానిన నీళ్లలో వేస్తారు. తోలును సంచిలాగా కుట్టి, చెక్కనీళ్లు నింపి, వేలాడదీసే పద్ధతి కూడా ఉండేది. చెక్కలోని వగరు తోలుకు పట్టి, కుళ్లిపోయే చర్మం కుళ్లని తోలుగా మారుతుంది. ఈ వగరునే రసాయన శాస్త్రం టానిన్ అంటుంది.

తంగేడుతో పదునైన తోలు లేత పసుపు గోధుమరంగులో ఉంటుంది. కానీ దానికొక గుణం ఉంది, ఎండ తగిలితే ఎర్రబడుతుంది. దీనికి విరుగుడు కరక్కాయ. చివర కరక్కాయ నీళ్లలో ముంచితే ఆ ఎరుపు ఆగుతుంది. తంగేడు టానిన్ ఒక జాతిదని, కరక్కాయ టానిన్ ఇంకొక జాతిదని, రెండోది మొదటిదాని మీద వెలుతురు చేసే పనిని అడ్డుకుంటుందని ఇవాళ పుస్తకాలు చెబుతాయి. పుస్తకం లేకుండానే రెండు చెట్లను తెచ్చి ఒకే తొట్టిదాకా నడిపించినవాళ్లు ఎవరు? రంగు వెలవకుండా, మారకుండా కాపాడే విద్య అక్కడ మొదలైంది.

ఇక నలుపు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లంనీళ్లలో వేసి కొన్నాళ్లు పులియనిస్తే వచ్చే నీళ్లు చెక్కతో పదునైన తోలుకు తగలగానే తోలు నల్లబడుతుంది. అది పైన పూసిన నలుపు కాదు, తోలులోని టానిన్, ఇనుము కలిసి అక్కడే పుట్టే నలుపు. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్టమీద నల్లగీత వచ్చేది ఈ లెక్కతోనే. కరక్కాయ, అన్నభేది కలిపి కాగితం మీద రాసే సిరా తయారుచేసింది కూడా ఈ లెక్కతోనే. సిరా అంటిన వేలు చదువుకు గుర్తయింది, తోలునలుపు అంటిన వేలు మైలకు గుర్తయింది. రెండిట్లో ఉన్నది ఒకే నలుపు. రసాయనానికి కులం లేదు. కులం పెట్టింది మనిషి.

ఈ పనిలో ఆడవాళ్ల చెయ్యి ఎంత ఉందో ఎవరూ లెక్క రాయలేదు. చెక్క దంచింది, నీళ్లు మోసింది, తోళ్లు తిరగేసింది మా అవ్వలాంటివాళ్లు. "ఇనుము ఎక్కువైతె తోలు పెళుసైతది, నాలుగొద్దులకే పగులుతది" అని మా అవ్వ చెప్పేది. ఇనుప లవణాలు ఎక్కువైతే తోలు చివికిపోతుందని తర్వాత నేను లైబ్రరీలో చదువుకున్నాను. ఇంటిపనీ లందపనీ ఆమెకు వేరువేరు కాదు. "ఇంట్లోనే చేశారా?" అని ఆశ్చర్యపోయే మాట మా వాడలో పుట్టదు. మాకు తోలుపని ఎప్పుడూ ఇంటిపనే.

రంగు లండన్‌కు పోయింది

పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు రాష్ట్రంనుంచి తంగేడుతో పదునైన తోళ్లు ఓడలమీద లండన్‌కు పోయేవి. అక్కడి బజారులో వీటికి ఈస్ట్ ఇండియా తోళ్లని పేరు. ఇవి సగం తయారైన సరుకు. వీటిని మళ్లీ పదును పెట్టి, రంగు వేసి, మెరుగు దిద్దడం అక్కడ జరిగేది. 1856లో పెర్కిన్ తారునుంచి ఊదారంగు తీసిన తర్వాత కృత్రిమ రంగులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మొదటి ప్రపంచయుద్ధంలో (1914-18) బ్రిటిష్ సైనికుల బూట్ల పైతోలుకు ఈ మద్రాసు తోళ్లే కావలసివచ్చి, ప్రభుత్వమే కొనుగోలును తన చేతిలోకి తీసుకుంది.

దీని అర్థం ఏమిటి? వాసన, సున్నం, మురికినీళ్లు ఇక్కడ మిగిలాయి. రంగు, మెరుగు, లాభం అక్కడికి పోయాయి. తోలులో ఎక్కువ ధర పలికేది చివరి అంచె. ఆ అంచె పనిచేసినవాడి చేతికి రాకుండా పోయింది. ఇది వలస దోపిడీ ఒక్కటే కాదు. ఇక్కడి వ్యాపారి కూడా తోలు కొన్నాడు, లంద తొక్కలేదు. మద్రాసు తోలుషాపుల యజమానులు వేరు, లోపల సున్నం గుంటల్లో దిగినవాళ్లు వేరు. దిగినవాళ్లలో అరుంధతీయులు ఎంతోమంది. తమిళనాట ఉన్నా వాళ్లలో చాలామంది ఇళ్లల్లో మాట్లాడేది తెలుగే.

1903లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసులో ప్రభుత్వం తరఫున క్రోము పదును ప్రయోగాలు మొదలుపెట్టాడు. క్రోముతో పని రోజుల్లో అయిపోతుంది, తోలుకు ఏ రంగైనా పడుతుంది. కానీ ఉత్త క్రోము తోలులో టానిన్ ఉండదు కనుక మా అవ్వ ఇనుపనీళ్ల నలుపు దానికి పట్టదు. ఒక తరం చేతిలోని విద్య అలా పనికిరానిదయింది. స్వాతంత్ర్యం తర్వాత, 1972లో సీతారామయ్య కమిటీ చెప్పినమీదట, పచ్చితోళ్ల ఎగుమతిని ఆపి, సగం తయారైనవాటికి హద్దులు పెట్టి, తయారైన తోలునూ వస్తువులనూ పంపాలని ప్రభుత్వం నిర్ణయించింది. రంగు తిరిగి దేశానికి వచ్చింది. హ్యాండ్‌బ్యాగులు ఇక్కడే తయారయ్యాయి. వాడకు మాత్రం రంగు రాలేదు, రంగునీళ్లు వచ్చాయి. పాలార్ నదిని తోలు ఫ్యాక్టరీలు పాడుచేసిన కేసులో 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పవలసివచ్చిందంటే పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందో ఊహించండి.

మనిషి ఒక పుస్తకంలో, విద్య ఇంకొక పుస్తకంలో

1904లో చాటర్టన్ మద్రాసు రాష్ట్రపు తోలుపని మీద నివేదిక ప్రచురించాడు. 1909లో థర్స్టన్ దక్షిణదేశపు కులాల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. మొదటిది పరిశ్రమ పుస్తకం, రెండోది కులాల పుస్తకం. మాదిగలను వెతుక్కుంటూ రెండోదానికి పోతే దేవతలు, పెళ్లిళ్లు, ఆచారాలు దొరుకుతాయి. తోలును వెతుక్కుంటూ మొదటిదానికి పోతే పరిశ్రమ దొరుకుతుంది. తెలిసిన మనిషినీ, తెలిసిన విద్యనూ ఇలా రెండు అల్మారాల్లో పెట్టారు.

మన అభ్యుదయ చరిత్ర కూడా ఈ గీత దాటలేదు. సుందరయ్య 1972లో తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో దొరలకు చెప్పులూ, వ్యవసాయానికి తోలు సామానూ ఉచితంగా ఇవ్వవలసివచ్చిన వెట్టి గురించి ఉంది. అది నిజం, రాయవలసిన నిజం. కానీ అక్కడ మాదిగ వెట్టి చేసినవాడుగానే ఉన్నాడు. ఎండకు తోలు ఎర్రబడకుండా ఆపినవాడుగా ఎక్కడా లేడు. బాధ చరిత్రకెక్కింది, తెలివి చరిత్రకెక్కలేదు. కంచ ఐలయ్య 2007లో పిల్లలకోసం ఇంగ్లీషులో రాసిన శ్రమ పాఠాల పుస్తకంలో తోలుపనివాళ్లకు ఒక పాఠం పెట్టాడు. అటువంటి పాఠం మన బడి పుస్తకాల్లోకి రావాలి.

మరి తిరిగి లందకు పోదామా?

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దాచుకోకుండా చెప్పుకోవాలి. విద్య గొప్పదని పొగిడి అదే పనిలో మనల్ని ఉంచాలని చూసేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. చచ్చిన పశువులను మోయడం మానేస్తే మహార్లు ఏటా ఎంత నష్టపోతారో లెక్కవేసి చూపిన రాతలకు, అంత లాభం ఉంటే ఆ పని మీరే చేసి తీసుకోండి అని అంబేద్కర్ జవాబు చెప్పాడు. 1956 అక్టోబర్ 15న నాగపూర్ ఉపన్యాసంలో దాన్ని మళ్లీ గుర్తుచేశాడు. 2016 జూలైలో గుజరాత్ ఊనాలో, చచ్చిన ఆవు తోలు తీసినందుకు దళిత యువకులను కారుకు కట్టి కొట్టారు. ఆ తర్వాత వేలమంది ఇక ఆ కళేబరాలను ముట్టమని ప్రతిజ్ఞ చేశారు. చెయ్యమని బలవంతపెట్టేదీ, చేస్తే కొట్టేదీ ఒకే వ్యవస్థ.

కాబట్టి విద్య వేరు, నిర్బంధం వేరు. లందను వదిలిపెట్టే హక్కు మనది. లందలో పుట్టిన జ్ఞానం మాదని చెప్పే హక్కు కూడా మనదే. రెండోది అడిగితే మొదటిది వదులుకున్నట్టు కాదు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా ఈ తేడా మనకు నేర్పింది. అప్పటిదాకా పేరుమీద ఏదో ఒక రంగు పులుముకొని బతికినవాళ్లు, పేరు చివర మాదిగ అని రాసుకున్నారు. పని మానుకున్నవాళ్లు కూడా రాసుకున్నారు.

మా అధ్యాపక మిత్రురాలి మీద నాకు కోపం లేదు. ఎవరి సంచికి వాళ్లు రంగు వేసుకోవడం మంచిదే. తోలు ముట్టుకుంటే ఏమీ కాదని ఆమె చేతులకు తెలిసింది. నా ఫిర్యాదు వేరు. తోలుసంచి ఇంట్లో కొక్కానికి వేలాడుతుంది, చెప్పులు గడప బయట ఉంటాయి, రెండూ చేసినవాడు ఊరి బయట ఉన్నాడు. రంగు ఎంత బాగా వేస్తే ఆ మనిషి అంతగా కనబడకుండా పోతున్నాడు.

విద్యార్థి మిత్రులకు ఒక పని చెబుతాను. మీ వాడలో అరవై డెబ్బై ఏళ్లు దాటిన అవ్వల దగ్గరికి, తాతల దగ్గరికి పోండి. ఏ చెక్క, ఎన్ని రోజులు, ఎంత ఇనుము, ఏ నూనె అని అడిగి వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఆ మాటలు తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. రసాయనశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు టానిన్ పాఠం వచ్చిన రోజు బోర్డు మీద లంద అన్న మాట కూడా రాయండి. తరగతిలో వెనక బెంచీ మీద ఒక పిల్లవాడు చేతులు దాచుకొని కూర్చొని ఉంటాడు. ఆ మాట చూశాక దాచుకోవలసిన పని ఉండదు.

మా నాయన పోయిన తర్వాత ఆయన పెట్టెలో ఆరె, రంపె, ఎండిపోయిన రంగు సీసా దొరికాయి. మొన్న ఆ సీసాలో రెండు చుక్కలు స్పిరిట్ వేసి కదిలించాను. రంగు లేచింది. నా సంచి పట్టీకి అద్దుకున్నాను. వేలికి అంటిన నలుపుతోనే మర్నాడు క్లాసుకు పోయాను.