ఉతకని బొంత

ఆ ఎండుకట్టె జర మంటలకు నూకు బిడ్డా. పుష్యమాసం సలి, ముసలి పెయ్యికి ఆగుతలేదు. ఏందీ, నీ ఆఫీసుల ఏసీకి కాళ్ళు కొంకర్లు వోతున్నయా? కూసున్నకాడ ఒళ్ళె ఏసుకునేటందుకు సిన్న బొంత కావాల్నా? కుట్టిస్త. గని నువ్వు సంచిల వెట్టుకచ్చిన ఈ చీరెలతోని మాత్రం కాదు. ఇవన్ని జారుడు బట్టలు. సూది ఇటు గుచ్చితె బట్ట అటు పోతది. బొంతకు నూలు ఉండాలె. అది సుత మస్తుసార్లు వాగుల ఉతికి, గంజంత పోయి మెత్తవడ్డ నూలు. కొత్తబట్ట చింపి బొంత కుడుతరా ఎవలన్న?

మా చిన్నతనాన ఆడమనిషికి ఏడాదికి రెండు చీరెలైతె ఎక్కువ. నడుమ చినిగితె అక్కడికి చింపేసి, మిగిలిన రెండు తుకుడలు అతికి మల్ల కట్టుకునేది. ఆ అతుకుల చీరె సుత కట్టరాకుంట అయితె పిల్లకు లంగ. లంగ చినిగితె బొంతలకు. బొంత చినిగితె మసిగుడ్డ, నెత్తిమీద కడవ కిందికి సుట్టబట్ట. ఆఖరుకు పీలిక మిగిలితె నూనెల ముంచి కాగడకు సుట్టేది. పారేసుడు అన్న మాటే లేకుండె. మా నాయనకు కురుమోళ్ళు నేసిన నల్ల గొంగడి ఉండె. వానకు, సలికి ఆయనకు అదే. మా అవ్వకు, మాకు బొంతలు.

ఎండకాలం, పొలంల పని లేనప్పుడు కుట్టుడు షురువయ్యేది. అర్రలకెల్లి పాతబట్టల మూట తెచ్చి, మా నాయనమ్మ ఒక్కొక్క బట్టను ఎండకు ఎత్తిపట్టి చూసేది. వెలుతురు పారితె లోపటికి, పారకుంటె పైకి. పైపొరకు, అడుగుకు గట్టి చీరెలు. నడుమల దోతి ముక్కలు, రైకల చేతులు, తువ్వాలలు, ఏదైన సరే. వరంగల్ ఆజంజాహి మిల్లు దోతి దొరికితె ఆమెకు పండుగే. గుండీలు, ఉక్కులు అన్ని పీకాలె, లేకుంటె రాత్రి ఈపుకు గుచ్చుకుంటయ్. అలికిన వాకిట్ల పరిచి, నాలుగు మూలలకు నాలుగు రాళ్ళు వెట్టి, అరచెయ్యితోని నడిమికెల్లి అంచులకు రాసుకుంట పోవాలె. అందరు కుట్టుడు కష్టమనుకుంటరు. కాదు బిడ్డా, పరుసుడే కష్టం. లోపట ఒక్క మడత పడ్డదా, ఏడాది తిరిగేసరికి ఆడ ముద్ద గడుతది.

దారం సుత కొనేది కాదు. పాత చీరె అంచులకెల్లి పోగులు గుంజి, మూడు నాలుగు కలిపి తొడమీద పేనేది. అంచుకాడ మొదలువెట్టి సుట్టు తిరిగి తిరిగి నడిమికి రావాలె. కుట్టుకు కుట్టుకు బియ్యపు గింజంత సందు. మా మేనత్త కుట్లు కాకి నడిచినట్టు ఉండేటివి. నాయనమ్మ ఆమెను ఒక్కమాట అనకపోయేది. అందరు పండుకున్నంక దీపం పెట్టుకోని అవి ఇప్పి మల్ల కుట్టేది. తెల్లారి మేనత్త చూసి, “నిన్న మంచిగనే కుట్టిన గదా” అని మురిసేది.

సిన్న బొంతల పని వేరు. ఆడిబిడ్డ పురిటికి అస్తదంటె ఇంట్ల ముసలోళ్ళు ముందుగాలనే మొదలువెట్టేది. రెండు జానల వెడల్పు, మూడు జానల పొడుగు. ఒకటి సాలదు, ఐదారు ఉండాలె, పిల్లలు తడుపుతనే ఉంటరు గదా. కాళ్ళమీద పండవెట్టి, నూనె రాసి, నీళ్ళు పోసినంక పిల్లను దాంట్ల సుట్టి ఒళ్ళె వెట్టుకునేది. పెయ్యికి తాకకుంట దారం ముడి పొరల నడుమ దాయాలె. మీ నాయిన పండుకున్న బొంతకు ఒక్క ముడి సుత బయట కనవడకపోతుండె. అడుగు, ఆయనకేం యాదికుంటది.

ఇగ అసలు ముచ్చట. 1948. రజాకార్ల జులుం. మాది మానేరు ఒడ్డు, నాకు ఎనిమిదేండ్లు. రాత్రి కుక్క మొరిగితె చాలు పెద్దోళ్ళు లేచి కూసునేది. ఆ ఎండకాలమే నాయనమ్మ ఒక్కతే, ఎవలను చెయ్యి పెట్టనియ్యకుంట, నీలం చీరె పైకేసి ఒక బొంత కుట్టుకున్నది. సెప్టెంబర్ల పోలీస్ యాక్షన్ అయింది, ఐదు రోజుల్ల నిజాం లొంగిండు. భయం వోయింది. బొంత మాత్రం ఆమె కిందనే ఉండె.

ఏటా ఉగాది ముంగట ఇంట్ల బొంతలన్ని వాగుకు వోయేటివి. తడిసిన బొంత ఇద్దరు పడితెగాని లేవదు. బండమీద కొట్టి ఇసుకల ఆరేసేది. ఈ నీలం బొంత వాగు మొఖం చూడలే. ఎండల ఏసేది, నల్లులు రాలేదాక దులిపేది. ఉతుకుదామంటె తిట్లు. “నా వాసన నాకు మంచిగనే ఉన్నది, మీకేంది?” అనేది. పోరగాళ్ళం ముక్కు మూసుకోని ఎనుకకెల్లి నవ్వేది.

పదమూడేండ్లు అట్లనే నడిచింది. 1961ల ఆమె పోయింది. సచ్చినోళ్ళ పక్కబట్టలు ఇంట్ల ఉంచరు. ఇచ్చెయ్యాలని మా అవ్వ ఎత్తితె లోపట గరగర అన్నదట. కత్తితోని అంచు ఇప్పి చూస్తె నిజాం నోట్లు! పది రూపాయల హాలీ నోట్లు, ఎనిమిది. దోతి పొరల నడుమ పరిచి, నోటు నోటు సుట్టు సన్నటి కుట్టు. మా నాయన ఉరుకుతనే పట్నం వోయి అడిగిండు. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు, అంటె ఇండియా రూపాయలు, ఇచ్చిన కాలం దాటిపోయింది. 1959లనే హాలీ సిక్కా బందైంది. అచ్చేటప్పుడు బస్సు కిరాయి బాకీ పెట్టచ్చిండు.

సిక్కా మారుతదని ఊరంత చెప్పుకున్నరు గదా, ఆమె చెవుల పడలేదా అని మా నాయన సచ్చేదాక అడుగుతనే ఉండె. మా అవ్వ అనేది, “పడ్డది. కుట్టు ఇప్పబుద్ధి కాలే ముసల్దానికి” అని. నాకు సుత అట్లనే అనిపిస్తది. ఆ కుట్టు నేను చూసిన గదా.

బొంతలు ఎందుకు వోయినయంటె, రగ్గులచ్చినయ్ అంటరు అందరు. ఒట్టిది. వాటిని మింగింది స్టీలు గిన్నెలు. పాతబట్టలకు స్టీలు సామాన్లిచ్చెటోళ్ళు నెత్తిమీద గంపతోని గడపగడపకు తిరిగిండ్రు. మడిచిపెట్టిన నూలు చీరెలన్ని ఆ గంపలకే వోయినయ్. నేను సుత ఇచ్చిన, ఎందుకు అబద్ధం. తళతళ మెరిసేసరికి ఆశైంది. నువ్వు పొద్దుగాల పాలు తాగినవు సూడు, సొట్టవోయిన గిలాస, అది మా అవ్వ ఎర్రంచు చీరె. ఎనుకనే టెర్లిన్, పాలిస్టర్ అచ్చినయ్. అవి చినుగయి, మెత్తగ కావు, చెమట పీల్చయి. నీ సంచిల ఉన్నయి బతుకమ్మ చీరెలే గదా. 2017 సంది సర్కారు పంచినయ్, మన సిరిసిల్ల మరమగ్గాల మీదనే నేసినయ్. ఆ పనితోని ఎన్నో ఇండ్లల్ల పొయ్యి ఎలిగింది, నేను వంక పెట్ట. కట్టుకో, బతుకమ్మ ఆడు. బొంతకు మాత్రం నాకియ్యకు.

అర్రల సందూకు ఉన్నది సూడు. అడుగున మీ తాత దోతులు రెండున్నయ్. సచ్చినోళ్ళయి ఉంచద్దంటరు, నేను ఉంచిన. నడుమకు అవి ఏద్దాం. పైకి, అడుగుకు నా పాత నేత చీరె. నీ ఒడికి నాలుగు జానలు పడుతది, కొలువు. నా కండ్లకు సూదిల దారం ఎక్కది, అది నువ్వు ఎక్కియ్యాలె. పొద్దుగాల వాకిలి ఊడ్చి నాలుగు రాళ్ళు తెచ్చిపెట్టు. బరువుండాలె, నున్నగుండాలె.