కోనసీమలో అంతర్జాల వేగం, వ్యయం: ప్రభుత్వ నియంత్రణ పాత్ర (2004–2025)

వ్యాససంగ్రహం:
బ్రాడ్‌బ్యాండ్ వేగాన్నీ ధరనూ సాధారణంగా సాంకేతికతతోనో, సంస్థల మధ్య పోటీతోనో ముడిపెట్టి వివరిస్తారు. గోదావరి డెల్టాలోని కోనసీమ అనుభవం ఆ వివరణ చాలదని చూపుతుంది. 2016 డిసెంబరులో ఇక్కడి మోరి గ్రామానికి చౌకగా వేగవంతమైన అంతర్జాలం వచ్చింది. 2022 మే నెలలో ఇదే సీమలో అంతర్జాలం రోజుల తరబడి నిలిచిపోయింది. రెండు సందర్భాలలోనూ నిర్ణాయకమైనది ప్రభుత్వ ఉత్తర్వే. నియంత్రణ తగ్గాలా, పెరగాలా అన్న చర్చ కంటే, ఏ అధికారం ఎవరి చేతిలో ఉన్నది, దానికి జవాబుదారీ ఎంత అన్న పరిశీలన ముఖ్యమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కోనసీమ, మోరి, ఫైబర్‌నెట్, ట్రాయ్, మార్గహక్కు, అంతర్జాల నిలిపివేత.

1. ఉపోద్ఘాతం:
గౌతమి, వసిష్ఠ పాయల మధ్య, వైనతేయ చీల్చుకుంటూ పోయే భూభాగం కోనసీమ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువల వ్యవస్థ ఈ ప్రాంత జీవనాన్ని మార్చింది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల రైతుకు ఒక సంగతి తరతరాలుగా తెలుసు: కాలువలో నీరున్నంత మాత్రాన శివారు చేనుకు నీరు చేరదు. గట్టు ఎవరి అధీనంలో ఉన్నది, తూము ఎప్పుడు ఎత్తుతారు, వంతు ఎవరు నిర్ణయిస్తారు అన్నవే శివారు రైతు పంటను తేలుస్తాయి.

అంతర్జాలం విషయంలోనూ పరిస్థితి ఇదే. నగరం దాకా వచ్చిన సామర్థ్యం రాజోలు దీవిలోని ఇంటికి చేరాలంటే తీగ వంతెనలు, కాలువలు, రోడ్డు గట్లు, కొబ్బరితోటలు దాటాలి. ఒక్కొక్కచోట ఒక్కొక్క శాఖ అనుమతి కావాలి. నీటిమట్టం పైకే ఉండే నేలలో కందకం తవ్వి తీగ పరచడం ఖర్చుతో కూడిన పని. పైన వేలాడదీస్తే తుపాను భయం. 1996 నవంబరు 6 నాటి తుపానుకు కొబ్బరిచెట్లతోపాటు కరెంటు స్తంభాలు నేలకూలిన జ్ఞాపకం ఇక్కడ ఇంకా మాసిపోలేదు. ఇటువంటి చోట వేగానికీ ధరకూ నియంత్రణతో గల సంబంధం స్పష్టంగా కనిపిస్తుంది.

2. నిర్వచనమే నియంత్రణ:
భారతదేశంలో ప్రజలకు అంతర్జాల సేవను 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రారంభించింది. 1998లో ప్రైవేటు సంస్థలకు అనుమతి లభించింది. అయితే బ్రాడ్‌బ్యాండ్ అనే మాటకు చట్టపరమైన అర్థం ఏర్పడింది 2004 అక్టోబరులో వెలువడిన బ్రాడ్‌బ్యాండ్ విధానంతో. కనీసం 256 కేబీపీఎస్ వేగం ఉంటే అది బ్రాడ్‌బ్యాండ్. ఆ వేగంతో 5 మెగాబైట్ల దస్త్రం దించుకోవడానికి రెండున్నర నిమిషాలకు పైగా పడుతుంది.

ఆ ఏడాదే మరొక ముఖ్యమైన నిర్ణయం జరిగింది. బీఎస్ఎన్ఎల్ ఎక్స్ఛేంజి నుంచి ఇంటికి వెళ్లే రాగితీగను ఇతర సంస్థలు కూడా అద్దెకు తీసుకొని సేవలందించే అవకాశం కల్పించాలని ట్రాయ్ సిఫారసు చేసింది. ఐరోపాలో పలు దేశాలు అప్పటికే ఆ మార్గం పట్టాయి. భారత ప్రభుత్వం మాత్రం దానిని తప్పనిసరి చేయలేదు. సంస్థల పరస్పర అంగీకారానికి వదిలివేసింది. ఫలితంగా పల్లెలో తీగ ఎవరిదో సేవ కూడా వారిదే అయింది. రాగితీగపై వేగం ఎక్స్ఛేంజి నుంచి దూరం పెరిగే కొద్దీ తగ్గుతుంది. కనుక శివారు గ్రామానికి ఎంచుకునే అవకాశమూ లేదు, వేగమూ లేదు. 2010 నాటికి 2 కోట్ల బ్రాడ్‌బ్యాండ్ చందాదారులు ఉండాలన్నది విధాన లక్ష్యం. ఆ ఏడాది చివరికి దేశంలో ఉన్నవారు సుమారు కోటీ పది లక్షలు.

కనీస వేగాన్ని 2013లో 512 కేబీపీఎస్‌కూ, 2023 జనవరిలో 2 ఎంబీపీఎస్‌కూ పెంచారు. అంటే దాదాపు పదేళ్లపాటు నిర్వచనం కదలలేదు. నిర్వచనం వేగాన్ని సృష్టించదు. కాని దేనిని సేవాలోపంగా పరిగణించాలో అదే చెబుతుంది. కనీసప్రమాణం తక్కువగా ఉన్నంత కాలం నెమ్మదైన సేవపై ఫిర్యాదుకు ఆధారం దొరకదు.

గణాంకాల తయారీలోనూ ఇటువంటి ఇబ్బందే ఉన్నది. ట్రాయ్ నివేదికలు టెలికాం సర్కిల్ ప్రాతిపదికన రూపొందుతాయి. రాష్ట్ర విభజన తరువాత కూడా ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో తెలంగాణ కలిసే ఉన్నది. హైదరాబాదు, రాజోలు ఒకే సగటులో కలిసిపోతే శివారు లోటు కాగితం మీద కనిపించదు.

3. స్తంభాలపై హక్కు – మోరి ఉదాహరణ:
రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని కేంద్రజాబితా 31వ అంశం ప్రకారం టెలిఫోన్లు, తంతి, ప్రసారాలు కేంద్రం పరిధిలోనివి. లైసెన్సు, స్పెక్ట్రం, నాణ్యతాప్రమాణాలు అన్నీ ఢిల్లీ నుంచే రావాలి. కాని రోడ్లు, కాలువగట్లు, కరెంటు స్తంభాలు రాష్ట్ర ప్రభుత్వానివీ, దాని సంస్థలవీ. ఈ విభజన చాలాకాలం అడ్డంకిగానే పనిచేసింది. 2011 అక్టోబరులో కేంద్రం ఆమోదించిన జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ రెండున్నర లక్షల గ్రామపంచాయతీలను రెండేళ్లలో కలపాలని సంకల్పించి గడువు దాటిపోయింది. ఆలస్యానికి మార్గహక్కుల అనుమతులు ఒక ప్రధాన కారణం. తరువాత దానికే భారత్‌నెట్ అన్న పేరు వచ్చింది.

2015లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ లిమిటెడ్ ఈ అడ్డంకినే అవకాశంగా మలచుకుంది. కందకాలు తవ్వకుండా విద్యుత్ సంస్థల స్తంభాల మీదుగా సుమారు 23,800 కిలోమీటర్ల ఫైబర్ తీగను లాగింది. సబ్‌స్టేషన్లను కూడళ్లుగా వాడుకుంది. తొలిదశ వ్యయం రూ.333 కోట్లు. భూగర్భమార్గంలో అయితే వేల కోట్లు కావలసి వచ్చేదని రాష్ట్ర ప్రభుత్వం అంచనా వేసింది. ఇంటిదాకా తీగ లాగే పనిని స్థానిక కేబుల్ ఆపరేటర్లకు అప్పగించారు.

ఈ పథకానికి ముందుగా నమూనాగా నిలిచిన గ్రామాలలో సఖినేటిపల్లి మండలంలోని మోరి ఒకటి. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు సాలమన్ డార్విన్ ఆ ఊరివాడు. ఆయన చొరవతో మోరి ‘స్మార్ట్ విలేజ్’ ప్రయోగానికి వేదికయింది. 2016 డిసెంబరు చివరిలో నాటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు అక్కడ సేవలను ప్రారంభించారు. నెలకు రూ.149కి 15 ఎంబీపీఎస్ అంతర్జాలం, టీవీ ఛానళ్లు, టెలిఫోను అన్నది పథకం వాగ్దానం. నాటి చట్టబద్ధ కనీసవేగానికి ఇది సుమారు 29 రెట్లు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ రాష్ట్రవ్యాప్త పథకాన్ని ప్రారంభించారు.

ఇక్కడ గమనించవలసింది కొత్త సాంకేతికత కాదు. ఫైబర్ తీగ దేశంలో అంతకుముందే ఉన్నది, స్తంభాలూ ఉన్నాయి. మారింది స్తంభం మీద తీగ కట్టే హక్కు మాత్రమే. అమెరికాలో 1978లోనే కరెంటు, టెలిఫోను స్తంభాలను కేబుల్ సంస్థలు వాడుకునే అద్దెను నియంత్రించడానికి ప్రత్యేక చట్టం వచ్చింది. భారతదేశంలో 2016 నవంబరులో వచ్చిన మార్గహక్కు నియమాలు అనుమతికి 60 రోజుల గడువునూ, భూగర్భ తీగకు కిలోమీటరుకు రూ.1,000 మించని పరిపాలనా రుసుమునూ నిర్దేశించాయి. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద రూపొందిన కొత్త మార్గహక్కు నియమాలు 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చాయి.

అయితే ఆంధ్రప్రదేశ్ నమూనాలో ఒక పరిమితి ఉన్నది. స్తంభాల సౌలభ్యం ప్రధానంగా ప్రభుత్వ సంస్థకే దక్కింది. ఎవరైనా ఒకే అద్దెకు, ఒకే షరతులపై వాడుకోగల హక్కుగా అది స్థిరపడి ఉంటే, ఒక సంస్థ ఆర్థికస్థితి దెబ్బతిన్నప్పుడు గ్రామానికి మరొక దారి ఉండేది.

4. ధరలో కలిసిన పద్దులు:
వినియోగదారు కట్టే బిల్లు కేవలం తీగ ఖర్చు కాదు. సేవాసంస్థల సవరించిన స్థూలాదాయంపై 8 శాతం లైసెన్సు రుసుము ఉన్నది. అందులో 5 శాతం సార్వత్రిక సేవానిధికి చేరుతుంది. బిల్లుపై వస్తుసేవల పన్ను 18 శాతం. మారుమూల ప్రాంతాలకు సేవ అందించడానికి వసూలు చేసే మొత్తం మారుమూల వినియోగదారు బిల్లులోనూ చేరడం ఈ ఏర్పాటులోని విచిత్రం. 2021 ఆగస్టు సిఫారసులలో ట్రాయ్, స్థిర బ్రాడ్‌బ్యాండ్ విస్తరణకు ప్రోత్సాహకంగా లైసెన్సు రుసుము మినహాయింపును సూచించింది.

రూ.149 ధర ఈ పద్దులన్నింటి నడుమ నిలబడవలసి వచ్చింది. 2019 ఫిబ్రవరి నుంచి అమలైన టీవీ ధరల విధానంలో వంద ఛానళ్లకు గరిష్ఠ నెట్‌వర్క్ రుసుము రూ.130, పన్నుతో కలిపితే రూ.153.40. చెల్లింపు ఛానళ్ల ధర వేరు. టీవీకి మాత్రమే నియంత్రణసంస్థ సమంజసమని భావించిన పరిమితి కంటే తక్కువకు మూడు సేవలూ ఇవ్వడమంటే, మిగిలిన భారాన్ని ప్రభుత్వమో, ఆపరేటరో, సేవానాణ్యతో మోయక తప్పదు. తక్కువ ధర ప్రకటించడం ఒక్క ఉత్తర్వుతో సాధ్యం. తెగిన తీగను మరునాడే అతికించే సిబ్బందికి మాత్రం ఏటా నిధులు కావాలి. శివారు గ్రామానికి నిజమైన వేగాన్ని నిర్ణయించేది ఈ రెండవదే.

5. వేగం సున్నా అయిన రోజులు:
2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. దానికి డా. బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేర్చే ప్రతిపాదన మే 18న వెలువడింది. దానిని వ్యతిరేకిస్తూ మే 24న అమలాపురంలో జరిగిన ఆందోళన హింసకు దారితీసింది. ఒక మంత్రి, ఒక శాసనసభ్యుని ఇళ్లకు నిప్పుపెట్టారు. వదంతుల వ్యాప్తిని అరికట్టే ఉద్దేశంతో జిల్లాలో మొబైల్ ఇంటర్నెట్‌ను నిలిపివేశారు. నిలిపివేత పొడిగింపులతో సాగి, దశలవారీ పునరుద్ధరణ పూర్తయ్యేసరికి దాదాపు రెండు వారాలు గడిచాయి. కోవిడ్ అనంతరం ఇంటి నుంచే పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ కోసం యానాం, కాకినాడ వైపు ప్రయాణాలు కట్టారు.

దీనికి ఆధారం 1885 తంతి చట్టం కింద 2017లో రూపొందిన తాత్కాలిక నిలిపివేత నియమాలు. అనూరాధా భాసిన్ కేసులో 2020 జనవరి 10న సుప్రీంకోర్టు, ఇటువంటి ఉత్తర్వులను ప్రచురించాలనీ, అవి అవసరానికి తగిన మేరకే ఉండాలనీ, నిరవధికంగా సాగరాదనీ స్పష్టం చేసింది. అదే ఏడాది నవంబరు సవరణ ఒక్కో ఉత్తర్వుకు 15 రోజుల గరిష్ఠ పరిమితి విధించింది. నిలిపివేతల లెక్కలను కేంద్రస్థాయిలో నమోదు చేయడం లేదని 2021 డిసెంబరులో పార్లమెంటు స్థాయీసంఘం ఎత్తిచూపింది.

హింస చెలరేగిన పట్టణంలో శాంతిని కాపాడవలసిన బాధ్యత ప్రభుత్వానిదే. దానిని తేలికగా చూడరాదు. కాని అమలాపురంలోని ఘటనకు జిల్లాలో దూరాన ఉన్న లంకగ్రామం కూడా అంతేకాలం మూల్యం చెల్లించాలా అన్నది సమంజసమైన ప్రశ్న. ఆ రోజుల రీచార్జి సొమ్ము, పోయిన పనిదినాలు, ఆగిన చెల్లింపులు ఏ టారిఫ్ పట్టికలోనూ చేరవు. వ్యయాన్ని లెక్కించేటప్పుడు వీటిని విడిచిపెడితే లెక్క అసంపూర్ణమే.

6. ఉపసంహారం:
కోనసీమ చరిత్రలో నియంత్రణ ఒకే దిశలో పనిచేయలేదు. కేంద్రం నిర్ణయించిన కనీసవేగం ఏళ్ల తరబడి ఎదగలేదు. రాగితీగ పంపకం తప్పనిసరి కాకపోవడంతో పల్లెల్లో పోటీ పుట్టలేదు. రాష్ట్రం స్తంభాలను తెరవగానే వ్యయం ఒక్కసారిగా తగ్గింది. నిర్వహణ వ్యయానికి సరిపడని ధర ఆ లాభాన్ని నిలకడలేనిదిగా చేసింది. నిలిపివేత అధికారం మిగిలినవన్నీ ఉన్నా వేగాన్ని సున్నాకు చేర్చగలిగింది.

కనుక మూడు మార్పులు అవసరం. స్తంభాలపై హక్కు అందరికీ సమాన షరతులతో అందాలి. వేగం, అంతరాయాల లెక్కలు సర్కిల్ సగటుగా కాక మండలస్థాయిలో వెలువడాలి. నిలిపివేత ఉత్తర్వు ఘటన జరిగిన ప్రాంతానికే పరిమితమై, కారణాలతోసహా ప్రజలకు అందుబాటులో ఉండాలి. కాలువ నీటి విషయంలో తూము వేళలు, వంతులు ముందుగా తెలియాలని శివారు రైతు ఎన్నడో అడిగాడు. అంతర్జాలం విషయంలో శివారు గ్రామం నేడు అడుగుతున్నదీ దాదాపు అదే.