వంటలక్క (దీప)

స్టార్ మా ఛానల్‌లో 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి వరకు ప్రసారమైన ‘కార్తీక దీపం’ ధారావాహికలో కథానాయిక దీప. ప్రేక్షకులకు మాత్రం ఆమె వంటలక్కే. కేరళ నటి ప్రేమి విశ్వనాథ్ ఈ పాత్ర పోషించారు. మాతృక అయిన మలయాళ సీరియల్ ‘కరుత్తముత్తు’లోనూ మొదట నాయికగా నటించింది ఆమే.

నల్లగా ఉందన్న కారణంతో సవతితల్లి భాగ్యం చేతిలో మాటలు పడుతూ పెరిగిన పిల్ల దీప. డాక్టర్ కార్తీక్ (నిరుపమ్ పరిటాల) ఏరికోరి పెళ్లాడతాడు. అతని మీద ఆశపడ్డ మోనిత (శోభాశెట్టి), అతనికి పిల్లలు పుట్టే అవకాశం లేదని తప్పుడు రిపోర్టుతో నమ్మిస్తుంది. దాంతో గర్భవతి అయిన భార్యను కార్తీక్ అనుమానిస్తాడు. దీప ఇల్లు విడిచి వెళ్లిపోతుంది. పుట్టిన కవలల్లో శౌర్య తల్లి దగ్గర, హిమ తండ్రి దగ్గర పెరుగుతారు. హిమ తన బిడ్డేనని దీపకు చాలాకాలం తెలియదు.

పాత్రకు ప్రాణం పోసింది ఈ ఎడబాటు కాలమే. అత్తవారిది కలిగిన కుటుంబం. దీప అక్కడ చెయ్యి చాచదు, వంటలు చేసి కూతుర్ని పెంచుకుంటుంది. అలా వచ్చిన పేరే వంటలక్క. తనను నిందించిన భర్తను ‘డాక్టర్ బాబు’ అని పిలవడం మానదు, చెయ్యని తప్పును ఒప్పుకోనూ ఒప్పుకోదు. నలుపంటే గిట్టని అత్త సౌందర్య (అర్చన అనంత్) కాలక్రమంలో కోడలి పక్షాన నిలిచి కొడుకునే నిలదీస్తుంది. తెలుగు సీరియళ్ల అత్తాకోడళ్ల మధ్య ఇంత చిక్కని బంధం అరుదు.

పాత్రలో లోటూ ఉంది. మేని రంగును చిన్నచూపు చూడటాన్ని ప్రశ్నించే కథకు సహజంగా నల్లగా ఉండే నటిని తీసుకోలేదు; ప్రేమి విశ్వనాథ్‌ ఛాయను మేకప్‌తో తగ్గించారు. ఆ అవకాశం ఒక నల్లని అమ్మాయికి దక్కాల్సింది. పైగా దీప నిర్దోషిత్వం తేలకుండా కథను ఏళ్ల తరబడి సాగదీశారు. అయినా రాత్రి ఏడున్నర అయ్యేసరికి ఇంటింటా టీవీ ముందు చేరినవాళ్లు తగ్గలేదు.

2022లో కారు ప్రమాదంతో దీప, కార్తీక్‌ల కథ ముగించి పెద్దవాళ్లైన కూతుళ్ల కథ నడిపారు. కొన్ని నెలలకే ఇద్దరినీ మళ్లీ తీసుకురావాల్సి వచ్చింది. ఇదే కథ తమిళంలో ‘భారతి కణ్ణమ్మ’గా, కన్నడంలో ‘ముద్దులక్ష్మి’గా వచ్చింది. 2024 మార్చిలో మొదలైన ‘కార్తీక దీపం: ఇది నవ వసంతం’లో అదే జంట అవే పేర్లతో వేరే కథలో కనిపించింది.